బావగారి కరెంటు తీగ వద్దు, ముందు మెట్ల దగ్గర లైటు చూడండి

ప్రశ్న:

లాయరు గారికి నమస్కారాలు. మాది అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద ఊరు. రోడ్డు మీదకి నాకొక బిల్డింగ్ ఉంది. కింద రెండు షాపులు, పైన మూడు వాటాలు, అన్నీ అద్దెకిచ్చాను. దాని వెనకాల మా నాన్నగారు కట్టిన మండువా ఇల్లు, ఆ వెనక ముప్పై సెంట్ల కొబ్బరితోట, తోటలో ఓ పాత నుయ్యి. నాన్నగారు పోయాక ఇంటికి తాళం వేసేశాం. మేం రాజమండ్రిలో ఉంటాం.

రెండు నెలల కిందట పై వాటాలో ఉండే కుర్రాడి బైకు మెట్ల కింద నుంచి పోయింది. పోయిన నెల, ఆసుపత్రిలో నర్సుగా చేసే అమ్మాయి రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే మెట్ల దగ్గర చీకట్లో ఎవడో గొలుసు లాగబోయాడు. గొలుసు దక్కింది గానీ అమ్మాయి మెడ గీరుకుపోయింది. ఇద్దరూ "ఓనరు మీరే కదా, బాధ్యత మీదే, నష్టపరిహారం ఇవ్వండి" అంటున్నారు. మా బావగారేమో చుట్టూ ఎనిమిదడుగుల గోడ కట్టేసి, పైన గాజుపెంకులు గుచ్చి, రాత్రిళ్ళు ఓ కరెంటు తీగ పెట్టేస్తే ఒక్కడూ రాడంటున్నారు. ఇప్పుడున్న గోడ ఫోటో పంపుతున్నాను. చట్టం ఏమంటుంది? గోడ కట్టించమంటారా? తోటలో ఫంక్షన్ హాలు కట్టే ఆలోచన కూడా ఉంది. ఒకటే టెన్షన్‌గా ఉందండి.

ఒక పాఠకుడు, కోనసీమ

సమాధానం:

ముందు మీ బావగారి కరెంటు తీగ సంగతి తేల్చేద్దామండి. ఆ తీగ ఇప్పటికే లాగించేసి ఉంటే ఇక్కడితో చదవడం ఆపండి. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి పీకించేసి, అప్పుడు మిగతాది చదువుకోండి.

ఇలాంటి పనే 1959లో బీహార్‌లో ఒకాయన చేశాడు. పక్కింటివాళ్ళ దొడ్డిగోడ కూలిపోయిందని వాళ్ళొచ్చి ఈయన మరుగుదొడ్డి వాడుకుంటున్నారు. ఈయనకి అది నచ్చలేదు. తన ఇంట్లోంచి కరెంటు తీసి, దొడ్లోకి వెళ్ళే దారికి అడ్డంగా ఓ రాగి తీగ కట్టాడు. పక్కింటావిడ వచ్చింది, తీగ తగిలింది, ప్రాణం పోయింది. నా స్థలంలో నా తీగ, ఆవిణ్ణి రమ్మన్నదెవరంటూ ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. లాయర్లు దాన్ని చెరూబిన్ గ్రెగరీ కేసంటారు. 1963లో కోర్టు శిక్ష ఖాయం చేసింది. అడగకుండా నీ స్థలంలో అడుగుపెట్టినంత మాత్రాన ఆ మనిషి చట్టానికి అవతలివాడైపోడు, తగిలితే పెద్ద దెబ్బే తగులుతుందని తెలిసిన ఉచ్చు పన్ని దాన్ని ఆత్మరక్షణ అనడానికి వీల్లేదు అని తీర్పు సారాంశం.

నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు వేసే సెక్షన్‌కి అప్పట్లో రెండేళ్ళే. ఇప్పుడు పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా వెయ్యొచ్చు. పోతారని తెలిసే పెట్టావు కదా అని పోలీసులు 105 కింద రాశారంటే అది హత్యకి పక్కవాటాలో ఉండే సెక్షన్. అప్పుడు మీ బావగారు మీ పక్కన నిలబడరు. తీగ మీ మీటరు నుంచి వెళ్తుంది కాబట్టి పేరు మీదే.

పైగా ఆ తీగకి దొంగ ముఖం ఎలా తెలుస్తుంది? మూడు నెలలకోసారి కొబ్బరికాయల దింపు తియ్యడానికి తెల్లారగట్ల వచ్చే మనిషికి తగులుతుంది. బంతి కోసం గోడెక్కిన పిల్లాడికి తగులుతుంది. పలుపు తెంపుకొచ్చిన గేదెకి తగులుతుంది. మన వైపు గోడలు ఏడాదిలో సగం రోజులు చెమ్మ మీదే ఉంటాయి. పాచి పట్టిన తడి గోడ మీద ఆ కరెంటు ఎటు పాకుతుందో పెట్టినవాడికే తెలియదు. పొలాలకి వేసే సోలార్ ఫెన్సింగ్ వేరే సంగతి. అది క్షణానికోసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తుంది, బోర్డు పెట్టి బిగిస్తారు. అద్దెకున్నవాళ్ళు పిల్లలతో తిరిగే ఇంటి చుట్టూ అది కూడా వద్దనే నా మాట.

ఇక గోడ. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో నేను డబ్బు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నాను.

మా పెరటికి మొదట్లో తాటాకు దడి ఉండేది. 1996 నవంబరు తుఫాను కోనసీమలో దేన్నీ నిలబడనిచ్చిందని? దడి ఎటు పోయిందో కూడా తెలియలేదు. మళ్ళీ దడి కట్టడం ఎందుకని ఏడడుగుల ఇటుక గోడ కట్టించాం. పైన సీసా పెంకులు, అదీ రంగురంగులవి, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. మరుసటి వేసవిలో ఓ రాత్రి పెరటి తలుపు గడియ కోసేసి ఇత్తడి గంగాళం, రెండు రాగి బిందెలు పట్టుకుపోయారు. పొద్దున్న వెళ్ళి చూస్తే పెంకుల మీద నాలుగు మడతలు వేసిన గోనె సంచి పరిచి ఉంది. కొబ్బరికాయలకి వాడే మా సంచే. గోడకి లోపలి వైపు, తులసికోట పక్కన, ఏడు బీడీ ముక్కలు. నేను లెక్కపెట్టాను. అంటే వాడు దర్జాగా కూర్చుని, వీధిలో అలికిడి సద్దుమణిగేదాకా ఏడు బీడీలు కాల్చాడన్నమాట. దడి ఉన్న రోజుల్లో ఒక్క బీడీ వెలిగిస్తే చాలు, ఎదురింటి అరుగు మీంచి "ఎవర్రా అది?" అని కేక పడేది. ఆ కేక వినబడకుండా ఏడడుగుల గోడ కట్టుకున్నది మేమే. వాడికి తెర కట్టి ఇచ్చినట్టయింది.

మీరు పంపిన ఫోటోలో ఉన్నదీ అలాంటి గోడే. ఆరడుగులు పైమాటే, ఎక్కడా ఓ కిటికీ గానీ జాలీ గానీ లేదు. గేటేమో ఇనుప రేకుది. రోడ్డు మీద వెళ్ళేవాడికి లోపలేం జరుగుతోందో కనబడదు, లోపలున్న అమ్మాయికి గేటు అవతల ఎవడు నిలబడ్డాడో కనబడదు. మీ బావగారు దీనికి ఇంకో రెండడుగులు కలపమంటున్నారు. దానివల్ల దొంగకి అయ్యే కష్టం ఇంకో మడత గోనె సంచి.

కళ్ళు పడే చోట నేరం తగ్గుతుందన్న సంగతి మీద చాలామంది పని చేశారు. వీధి వైపు చూసే కళ్ళే ఆ వీధికి కాపలా అని అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో రాసింది. ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్టు న్యూయార్క్‌లో రోడ్డుకి అటొకటి ఇటొకటి ఉన్న రెండు సర్కారు కాలనీలని పోల్చి చూశాడు. రెండింట్లోనూ ఉన్నది ఇంచుమించు ఒకేలాంటి జనం, జనసాంద్రతా ఒకటే. ఒకదాంట్లో పద్నాలుగు అంతస్తుల మేడలు, రెండోదాంట్లో మూడు నుంచి ఆరంతస్తులవి. ఎత్తు మేడల్లో నేరాలు ఎక్కువ. కారణం ఆయన 1972లో వివరంగా రాశాడు. వందమంది వాడే మెట్లూ వరండాలూ ఎవరివీ కావు, అక్కడ కొత్తమనిషి కనబడినా అడిగేవాళ్ళుండరు. నాలుగిళ్ళవాళ్ళు వాడుకునే మెట్లయితే "మా మెట్లు" అంటారు, కొత్తవాణ్ణి నిలేస్తారు.

ఇదంతా మనకి కొత్తగా చెప్పాలా అండీ? మీ నాన్నగారి మండువా ఇంటికి వీధి అరుగు ఉండే ఉంటుంది. మా నాయనమ్మ మధ్యాహ్నం నుంచీ దీపాల వేళ దాకా అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఉండేది. చూపు సరిగా ఆనేది కాదు, అయినా చెప్పుల చప్పుడుని బట్టి ఎవరింటి మనిషో చెప్పేది. చప్పుడు కొత్తదైతే "ఎవరింటికి నాయనా?" అని అడిగేది. మర్యాదగానే అడిగేది గానీ సమాధానం చెప్పకుండా ఎవరూ ముందుకెళ్ళలేకపోయేవారు. ఇప్పుడు మనం అరుగు పగలగొట్టి కారుకి ర్యాంపు వేసుకున్నాం. నాయనమ్మ చేసిన పని చెయ్యడానికి సీసీ కెమెరా కొనుక్కుంటున్నాం. కెమెరా అన్నీ చూస్తుంది, ఒక్క మాటా అడగదు.

కాబట్టి రోడ్డు వైపు గోడని మూడడుగులకి దించండి. దాని మీద నాలుగడుగుల ఇనుప గ్రిల్ పెట్టించండి, కమ్ములు నిలువుగా ఉండాలి. అడ్డకమ్ములు పెడితే అవే నిచ్చెన మెట్లు. గేటుకి రేకు తీయించి అదే రకం కమ్ములు వేయించండి. మన బంకమట్టి వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలిచ్చే నేల. ఎత్తుగా, బరువుగా కట్టిన గోడ నాలుగేళ్ళకి రోడ్డు మీదకి ఒరుగుతుంది. తేలికపాటి గోడ కట్టమనడానికి ఇదో కారణం. ఇందులో చట్టం కూడా ఉంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఓ గడియార స్తంభం కూలి జనం చచ్చిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు ఏమందంటే, రోడ్డు పక్కన కట్టడం ఉన్న యజమాని దాన్ని చూసుకోవాల్సిందే, లోపం లోపల దాగి ఉంది, నాకు తెలియదు అన్నంత మాత్రాన తప్పించుకోలేడు. ఒరిగిన గోడ కింద సైకిలు మీద వెళ్ళే బడిపిల్ల ఉంటే మీరేం సమాధానం చెప్తారు?

మొక్కల సంగతి. కొబ్బరిచెట్టుతో ఇబ్బంది లేదు, కాండం సన్నం, చూపుకి అడ్డం రాదు. అరటి గుబురు, ముద్దమందారం కంచె మాత్రం ఇద్దరు మనుషుల్ని దాచేస్తాయి. నేల మీది మొక్కల్ని మోకాలెత్తుకి మించనివ్వకండి, చెట్ల కొమ్మల్ని తలెత్తుకి కిందకి రానివ్వకండి. పాత ఇంటి కిటికీల కింద ఏదైనా వెయ్యాలనుంటే వాక్కాయ వేయించండి. ముల్లు కంటికి కనబడేదే, ఎవరూ ఉచ్చు అనరు, పచ్చడికి కాయలూ వస్తాయి.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. మీ బిల్డింగ్ మెట్లు.

మీ ఉత్తరంలో రెండు నేరాలూ జరిగింది మెట్ల దగ్గరే. రోడ్డు మీదా కాదు, తోటలోనూ కాదు. ఫోటోలో చూస్తే మెట్లు షాపుల వెనక నుంచి, పక్క సందులోంచి ఎక్కుతున్నాయి. షాపుల వాళ్ళకి అది వీపు వైపు. ఎనిమిదింటికి షట్టర్లు పడ్డాయంటే ఆ సందు ఎవరిదీ కాదు. లైటుందా అని నేను అడగను, ఉండే ఉంటుంది. హోల్డరు ఉంటుంది, బల్బు ఉండదు. లేదా బల్బు ఉంటుంది గానీ స్విచ్చి పై వాటాలో ఉంటుంది. అది వేస్తే పురుగులొస్తాయని ఏడింటికే ఆపేస్తారు. మన ఊళ్ళలో ఈ పురుగుల బాధ నిజమే. అక్టోబరు, నవంబరుల్లో వరిచేలోంచి సుడిదోమ లేచిందంటే లైటు కింద అన్నం తినలేం. తెల్లటి లైటుకి పురుగు ఎక్కువ వస్తుంది, పసుపు కాంతి బల్బుకి తక్కువ. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైటు, పసుపు కాంతిది, మెట్ల మొదట్లో ఒకటి, మలుపులో ఒకటి పెట్టించండి. రెండూ మీ మీటరు మీదే ఉండాలి, ఆపే స్విచ్చి ఎవరికీ అందకూడదు. కరెంటు పోతే తనంతట తాను వెలిగే ఇన్వర్టర్ బల్బు ఇంకోటి. కళ్ళు చెదిరే ఫ్లడ్‌లైటు మాత్రం వద్దు. దాని వెనక నీడ నల్లగా పడుతుంది, ఆ నీడలో మనిషి నిలబడితే కనబడడు.

మెట్ల కింద ఖాళీకి ఒక గ్రిల్ తలుపు పెట్టి, బైకులు పెట్టుకునేవాళ్ళందరికీ తలో తాళంచెవి ఇవ్వండి. నేలలో ఓ ఇనుప కడ్డీ పాతించి చైన్ వేసుకునే వీలు చెయ్యండి. ఇంకో సలహా, ఇది ఖర్చు లేనిది. రెండు షాపుల్లో ఒకటి ఈసారి ఖాళీ అయితే రాత్రి పదింటిదాకా తెరిచుంచే మందుల షాపుకో టిఫిన్ సెంటరుకో ఇవ్వండి. అద్దె ఓ ఐదొందలు తగ్గినా పరవాలేదు. సందు వైపు దానికో కిటికీ తెరిపించండి. ఆ దోసెల పెనం చప్పుడే మీ కాపలా.

కెమెరాలంటారా, గేటు దగ్గర ఒకటి, మెట్ల దగ్గర ఒకటి చాలు. పది కెమెరాలు పెట్టి, రికార్డరు షాపు బల్ల మీద పెడితే దొంగ వెళ్తూ వెళ్తూ దాన్నే పట్టుకుపోతాడు. మనిషి ముఖం కనబడే ఎత్తులో కెమెరా ఉండాలి, మేడ మీంచి తలకాయలు తీస్తే ఉపయోగం లేదు. పక్కింటి స్నానాల గది వైపు తిరిగిందంటే కొత్త కేసు మీ మీదే పడుతుంది. ఫుటేజీ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచెయ్యాలి. అది పోలీసులు అడిగినప్పుడు చూసుకోవచ్చు. అడిగేలోపు పాతది చెరిగిపోకుండా వేరే కాపీ తీసి పెట్టుకోండి.

నష్టపరిహారం విషయానికొస్తే, ఇద్దరికీ ఒకటే సమాధానం కుదరదు.

బైకు కుర్రాడి వాదన బలహీనం. కాంట్రాక్టు చట్టం ప్రకారం వస్తువుని మీకు అప్పగిస్తేనే దాన్ని మీ సొంత వస్తువులా చూసుకునే బాధ్యత మీ మీద పడుతుంది. ఢిల్లీలో ఓ పెద్ద హోటల్‌కి వచ్చినాయన కారు తాళాలు హోటల్ మనిషి చేతికిచ్చాడు, ఎవరో కారు తోలుకుపోయారు. "వాహనం ఓనరు పూచీ మీదే" అని చీటీ మీద అచ్చేసి ఉంది కదా అని హోటల్ వాదించింది. 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, తాళాలు తీసుకున్నాక జాగ్రత్త నీదే అంది. మీ కుర్రాడు తాళం తన జేబులోనే పెట్టుకుని పైకెళ్ళాడు. మీరు పార్కింగ్ పేరుతో విడిగా డబ్బు తీసుకుంటుంటే మాత్రం కథ మారుతుంది, అలాంటిదుంటే నాకు మళ్ళీ రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ, రెండు తాళంచెవులూ ఇచ్చి ఇన్సూరెన్స్‌లో క్లెయిము పెట్టుకోమనండి. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఉంటే అది అతని దురదృష్టం.

నర్సు అమ్మాయి సంగతి నేను అంత తేలిగ్గా తీసిపారెయ్యను.

నేరం చేసినవాడు వేరే ఉన్నాడు, నిజమే. మన దేశంలో ఎవడో బయటివాడు చేసిన దాడికి అద్దె ఇంటి ఓనరు డబ్బు కట్టాలంటూ దావా వేసి గెలవడం కష్టమే, అదీ నిజమే. కానీ ఆలోచన ఎటు వెళ్తుందో తెలియాలంటే అమెరికా కేసు ఒకటి చూడండి. వాషింగ్టన్‌లో ఒకావిడ 1959లో ఓ అపార్ట్‌మెంటులో దిగినప్పుడు గుమ్మం దగ్గర రాత్రింబవళ్ళు కాపలా మనిషి ఉండేవాడు. 1966 నాటికి కాపలా లేదు, బిల్డింగ్‌లో దొంగతనాలూ దాడులూ మాత్రం పెరిగాయి. ఆ ఏడాది హాల్లోనే ఆవిడ మీద దాడి జరిగింది. అక్కడి అప్పీలు కోర్టు 1970లో ఓనరుదే తప్పంది. కోర్టు రెండు ముక్కలు చూసింది. హాలూ మెట్లూ ఎవరి చేతిలో ఉన్నాయి? ఓనరు చేతిలో. ఇలా జరగొచ్చని ఆయనకి ముందే తెలుసా? తెలుసు.

ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టెయ్యదు. కానీ ఆ రెండు ప్రశ్నలూ మీకు వేసుకోండి. మెట్లు మీ చేతిలో ఉన్నాయి, అమ్మాయి అక్కడ సొంతంగా లైటు పెట్టుకోలేదు. బైకు పోయిన రోజు నుంచీ ఆ సందు మంచిది కాదని మీకు తెలుసు. ఆ తర్వాత నెల రోజులకి గొలుసు లాగబోయారు. మధ్యలో మీరేం చేశారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క బల్బు కూడా లేదు. నిర్లక్ష్యం అనే మాట అక్కడ పుడుతుంది. మూడోసారి జరిగితే ఇంకా గట్టిగా పుడుతుంది.

ఇంకోటి. లైటు, తాళం లాంటివి చూసుకోవడం మీ పనేనని అగ్రిమెంటులో రాసి ఉంటే, మీరు చెయ్యనప్పుడు అద్దెకున్నవాళ్ళు నోటీసిచ్చి తామే చేయించుకుని, ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో 1882 నుంచీ ఉన్న మాటే ఇది.

అందుకని ఆ అమ్మాయితో "నా బాధ్యత కాదు" అనకండి, "నష్టపరిహారం ఇస్తాను" అని కాగితం మీద రాసి కూడా ఇవ్వకండి. ఈ ఆదివారం మీ ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏం జరిగిందో, ఎక్కడ నిలబడ్డాడో చూపించమనండి. మందుల ఖర్చు మీరు పెట్టుకోండి, అది చట్టం చెప్పలేదు, నేను చెప్తున్నాను. వారంలోగా ఏమేం చేయిస్తారో తేదీలతో వాట్సాప్‌లో పెట్టండి, చేయించాక ఫోటో తీసి పెట్టండి. ఇంతవరకూ పోలీసు కంప్లయింటు ఇవ్వలేదంటే తోడు వెళ్ళి ఇప్పించండి. కొత్త సంహితలో గొలుసులు లాగడానికి 304 అని విడిగా ఓ సెక్షనే ఉంది, గాయం కూడా అయింది కాబట్టి ఇంకా పెద్దదే పడొచ్చు. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరుని ఇస్తారని కూడా చెప్పండి. అవును, ఆ లాయరు మీ మీదే కేసు వెయ్యొచ్చు. అయినా చెప్పండి.

తాళం వేసిన మండువా ఇంటికి నాకు కనబడే ముప్పు గోడది కాదు, వాకిలిది. కళ్ళాపి చల్లని వాకిలి, ముగ్గు లేని గుమ్మం, వేలాడే కప్ప తాళం. ఇంట్లో ఎవరూ లేరని ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు? పక్కన ఎవరికైనా నెలకింత అని మాట్లాడి రోజూ ఊడ్చి ముగ్గు పెట్టించండి. కప్ప తాళం తీసేసి తలుపులోకి దిగే తాళం పెట్టించండి. పెరట్లో గునపం, గడ్డపలుగు ఉంటే లోపల పెట్టండి. మన తాళం మన గునపంతోనే విరగడం నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో చాలాసార్లు చూశాను. పండక్కి ఊరెళ్ళేటప్పుడు తాళం వేసిన ఇళ్ళకి పోలీసులే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి మన రాష్ట్రంలో తెచ్చారు, మీ స్టేషన్లో అడిగి చూడండి.

పై వాటాల కిటికీలకి గ్రిల్లులు బిగించే ముందు ఒక్క మాట. ప్రతి వాటాలో ఒక గ్రిల్ లోపలి నుంచి తెరుచుకునేలా పెట్టండి, తాళంచెవి అక్కడే మేకుకి తగిలించండి. 1997 జూన్‌లో ఢిల్లీ ఉపహార్ థియేటర్లో నిప్పంటుకుంటే 59 మంది పోయారు. బయటికి దారులు మూసుకుపోయి ఊపిరాడక పోయారు. వాళ్ళ కుటుంబాలకి పరిహారం కట్టాల్సిందేనని థియేటరు యాజమాన్యానికి సుప్రీంకోర్టు చెప్పింది. దొంగ రాకుండా వేసిన తాళం మనిషి బయటికి రాకుండా చెయ్యకూడదు.

నుయ్యి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. నాకు అదే ఎక్కువ భయం. గట్టు కూలిన పాత నుయ్యి, పక్కన దారి, మధ్యలో పిల్లలు. దారి పక్కనున్న నూతికి కంచె వేయించమని మేజిస్ట్రేటు, పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డరివ్వొచ్చు. అందాకా ఎందుకు, ఇనుప జాలీ వేసి బిగించండి. జామకాయల కోసం వచ్చిన పిల్లాడు దొంగ కాదు.

దొంగ దొరికితే ఏం చెయ్యాలని మీరు అడగలేదు గానీ అద్దెకున్న కుర్రాళ్ళు అడుగుతారు. కళ్ళ ముందు నేరం చేసినవాణ్ణి పట్టుకునే హక్కు మామూలు మనిషికీ ఉంది. ఆరు గంటల లోపు పోలీసులకి అప్పగించాలి. స్తంభానికి కట్టి కొడితే మాత్రం పొద్దున్నకి ముద్దాయిలు మారిపోతారు. 112కి ఫోన్ చేసి కూర్చోవడం మేలు.

సందు బయట వీధిలైటు పని పంచాయతీది. రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ఫంక్షన్ హాలు మాట ఇప్పుడే వద్దంటాను. ఒకేసారి వందమంది గానీ, రోజుకి ఐదొందల మంది గానీ చేరే చోటుకి 2013 నాటి ప్రజా భద్రతా చర్యల చట్టం వర్తిస్తుంది. కెమెరాలు పెట్టాలి, రికార్డు 30 రోజులు దాచాలి, లోపలికి వచ్చేవాళ్ళని చూసుకునే ఏర్పాటుండాలి, లేకపోతే జరిమానాలు, ఆ తర్వాత తాళం. పెళ్ళివారి నగలు పోయినా, పార్కింగ్‌లో కారు పోయినా మొదటి ఫోన్ మీకే వస్తుంది. మూడు వాటాల మెట్లు ముందు చక్కబెట్టండి.

అన్నట్టు మీ ఫోటోలో ఎడమ చివర, పాత ఇంటి గోడకి ఆనించి ఓ వెదురు నిచ్చెన ఉంది. సున్నాలకి తెచ్చి మర్చిపోయినట్టున్నారు. దాని పై మెట్టు సరిగ్గా మేడ పిట్టగోడకి తగులుతోంది. ఇవాళ సాయంత్రంలోగా ఎవరిచేతనైనా లోపల పెట్టించండి.